బండి చక్రమూ, లంబకోణ త్రిభుజమూ

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



హోసూరులో తెలుగు పలకలు పట్టిన మన పాఠశాల డెబ్బై అయిదేళ్ళ చరిత్రను నాకంటె ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా వివరించారు. కార్యక్రమ పత్రికలో నా ప్రసంగానికి ‘గణిత బోధన - నిత్య జీవితం’ అని శీర్షిక అచ్చువేశారు. శీర్షిక చాలా పెద్దది. నేను చెప్పబోయేది ఒకే ఒక్క బండి సంగతి. మన పూర్వ విద్యార్థి ఒకడు దారిలేని చోట, అంటే రాళ్ళ మీద, వాగుల్లో, కొండ వాలుల్లో నడవడానికి తన షెడ్డులో ఒక చిన్న లారీని తయారుచేశాడు. దాని కమాన్లను గురించి, దాని స్టీరింగును గురించి మాత్రమే ఈ పూట మాట్లాడతాను.

అతడు తన పేరు చెప్పవద్దన్నాడు. ఇప్పుడు కూడా వెనుక వరుసలో ఏదో స్తంభం చాటున నిలబడి ఉంటాడు. తొమ్మిదవ తరగతిలో నా చేత గణితంలో 28 మార్కులు వేయించుకున్నవాడు. ఆ మార్కులు నేను న్యాయంగానే వేశాను. ఇప్పుడు దిద్దినా అంతే వేస్తాను. 1980లో ఈ ఊరిలో అశోక్ లేలండ్ కర్మాగారం మొదలైన తరువాత ఇక్కడి ఇళ్ళలో స్పానరు పట్టని చేయి అరుదైపోయింది గదా. అతడు కూడా చిన్న షెడ్లలో పని నేర్చుకొని, తరువాత సొంతంగా లేతు, వెల్డింగు యంత్రము పెట్టుకొన్నాడు.

గత సంవత్సరం ఒక సాయంకాలం చంకలో కాగితపు చుట్ట పెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. “మేడం, ఒక లెక్క కుదరడం లేదు. మీరు చూడాలి” అన్నాడు. లెక్కల పరీక్షనాడు కడుపునొప్పి తెచ్చుకొన్న పిల్లవాడు ఇరవై ఏళ్ళ తరువాత తనంత తానుగా లెక్క పట్టుకొని రావడం ఏ ఉపాధ్యాయురాలికైనా పండుగే. బల్ల మీది కాఫీ గ్లాసులు తీసివేసి కాగితం పరిచాము.

అతని చేతిలో ఉన్నది ఒక పాత మహీంద్రా జీపు చట్రం. వెనుక భాగం కోసి సామాను తొట్టి అమర్చాడు. ముందూ వెనుకా గట్టి యాక్సిళ్ళు, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఏర్పాటు. రాళ్ళు దాటాలంటే పెద్ద టైర్లు కావాలి. పెద్ద టైర్లకు చోటు కావాలంటే బండి ఎత్తు పెరగాలి. ఆ జీపులో కమాను పట్టీల కట్ట యాక్సిలు క్రింద యూ-బోల్టులతో బిగించి ఉంటుంది. దానిని యాక్సిలు పైకి మార్చితే యాక్సిలు గొట్టం వ్యాసమూ, కట్ట మందమూ కలిసినంత ఎత్తు, అంటే సుమారు 12, 13 సెంటీమీటర్లు, బండి లేస్తుంది. ఖర్చు కూడా తక్కువే. ఇంతవరకు అతడు ఒక్కడే చేసుకొన్నాడు. షెడ్డు వాకిట్లో పది అడుగులు నడిపేసరికి బండి తన ఇష్టం వచ్చిన దిక్కుకు పోవడం మొదలుపెట్టింది. గుంటలో పడితే ఒక పక్కకు, గుంట లేస్తే మరొక పక్కకు. స్టీరింగు చక్రాన్ని గట్టిగా పట్టుకొని కదలకుండా ఉంచినా ముందు చక్రాలు తిరుగుతున్నాయి.

సభలో పిల్లలున్నారు కనుక కొంచెం విడమరచి చెబుతాను. మనవైపు బండ్లలో స్టీరింగు కుడివైపున ఉంటుంది. అతడు అమర్చిన పద్ధతిలో చట్రానికి బిగించిన స్టీరింగు పెట్టె నుండి ఒక కడ్డీ అడ్డంగా ఎడమ చక్రం వైపు పోతుంది. దానిని డ్రాగ్ లింక్ అంటారు. ఆ చక్రం నుండి టై రాడ్ అనే మరొక కడ్డీ రెండవ చక్రాన్ని కూడా త్రిప్పుతుంది. చట్రం పైకి లేచినప్పుడు స్టీరింగు పెట్టె దానితోపాటు పైకి పోయింది. యాక్సిలు మాత్రం నేల దగ్గరే ఉండిపోయింది. దానితో డ్రాగ్ లింకు నిచ్చెన లాగా వాలిపోయింది. అతని కొలతల ప్రకారం కడ్డీ పొడవు 80 సెంటీమీటర్లు. రెండు కొసల ఎత్తుల తేడా 20 సెంటీమీటర్లు.

“ఇదేమిటో గుర్తుపట్టావా?” అని అడిగాను. కొంతసేపు చూసి, “త్రిభుజం” అన్నాడు. “ఏ త్రిభుజం?” అన్నాను. “లంబకోణ త్రిభుజం. కడ్డీ కర్ణం” అన్నాడు. అతడు గిరాకీలతో తమిళంలోనూ కన్నడంలోనూ మాట్లాడుకొంటాడు, విడిభాగాల పేర్లన్నీ ఇంగ్లీషులో చెబుతాడు. కర్ణాన్ని మాత్రం కర్ణమనే అన్నాడు. తెలుగులో చదివిన లెక్క షెడ్డులో పనికివస్తుందా అని అడిగే తల్లిదండ్రులకు నేనివ్వగల సమాధానం ఇంతకంటె లేదు.

ఇక లెక్క చూడండి. కర్ణం 80, ఎత్తు 20 అయితే అడ్డం కొలత 77.46 సెంటీమీటర్లు. ముందు చక్రాలు రెండూ ఒకేసారి 10 సెంటీమీటర్లు ఎగిరాయనుకొందాము. కమాన్ల మీద యాక్సిలు దాదాపు నిటారుగా లేస్తుంది, పక్కకు జరగదు. ఎత్తు తేడా 20 నుండి 10కి తగ్గింది. కర్ణం ఇనుము, దాని పొడవు మారదు. కాబట్టి అడ్డం కొలత 79.37 కావాలి. అంటే 1.91 సెంటీమీటర్ల మేర కడ్డీ చక్రాన్ని నెడుతుంది. చక్రం దగ్గర కడ్డీ పట్టుకొనే స్టీరింగు చేయి పొడవు 15 సెంటీమీటర్లు. అంటే డ్రైవరు చేయి కదపకుండానే చక్రం 7 డిగ్రీలకు పైగా తిరిగిపోతుంది. కడ్డీ మొదటినుండి సమతలంగా ఉండి ఉంటే అదే 10 సెంటీమీటర్లకు తేడా 0.63 మాత్రమే వచ్చేది; అంటే రెండున్నర డిగ్రీలకు లోపే. గుంటల్లో బండి ఎందుకు మాట వినలేదో ఈ రెండు వరుసల లెక్క చెప్పింది. పైథాగరస్ సిద్ధాంతాన్ని ముప్పై ఏళ్ళుగా బోర్డు మీద వ్రాస్తున్నాను. అది నన్ను ఇంతగా భయపెట్టడం అదే మొదటిసారి.

మరి కడ్డీని పూర్తిగా సమతలం చేస్తే సరిపోతుందా? నేను అలాగే అనుకొన్నాను. అతడే వేలు పెట్టి చూపించాడు. వాలు 5 సెంటీమీటర్లు ఉంచితే, చక్రం 10 సెంటీమీటర్లు లేచినప్పుడు కొస అవతలి వైపు 5 సెంటీమీటర్ల దగ్గరకు చేరుతుంది. మొదలుకూ చివరకూ తేడాయే లేదు. మధ్యలో మాత్రం 0.16 సెంటీమీటరు. “అయితే చక్రం గోతిలోకి 10 సెంటీమీటర్లు జారినప్పుడో?” అని అడిగాను. వెంటనే కాగితం తన వైపు లాక్కొన్నాడు. 1.26 వచ్చింది. చివరకు వాలు 3 దగ్గర కుదుర్చుకొన్నాడు: పైకి 0.25, క్రిందికి 1.0. చక్రం జారేది రాళ్ళ మధ్య మెల్లగా పోయేటప్పుడు. దబ్బున పైకి లేచేది వేగంగా పోయి దిగేటప్పుడు. వేగం ఉన్నచోట తప్పు తక్కువగా ఉండాలని అతని తీర్పు. ఆ తీర్పు సిద్ధాంతంలో లేదు, అతని అనుభవంలో ఉంది.

మలుపు సంగతి కూడా ఒక మాట. మన చంద్రచూడేశ్వర స్వామి రథోత్సవంలో రథం వీధి మలుపు తిరిగేటప్పుడు చక్రాలు ఎలా మూలుగుతాయో మీరందరూ విన్నవారే. చక్రాలు తిన్నగా తప్ప పోలేవు కనుక కొయ్యదిమ్మెలు వేసి, మోకులు లాగి బలవంతాన త్రిప్పాలి. ఐరోపాలోని గుర్రపు బండ్లకు ముందు యాక్సిలు మొత్తం నడుమ నిలువు కీలు మీద తిరిగేది. కాని తీవ్రమైన మలుపులో బండి ఒరిగిపడేది. మ్యూనిక్ నగరంలో బండ్లు కట్టే గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ 1817లో ఒక్కొక్క చక్రం తన చోటనే విడిగా తిరిగే పద్ధతిని కనిపెట్టాడు. అతని ప్రతినిధిగా రుడాల్ఫ్ ఆకర్మన్ అనే చిత్రముద్రణ వ్యాపారి 1818లో లండనులో పేటెంటు తీసుకొన్నాడు. పేరు వ్యాపారికి దక్కింది. నేటికీ దానిని ఆకర్మన్ స్టీరింగు అనే అంటారు. కనిపెట్టినవానిని తలచేవారు కొద్దిమంది.

ఆ పద్ధతిలోని సూక్ష్మం ఏమిటంటే, మలుపులో లోపలి చక్రం చిన్న వృత్తం మీద, బయటి చక్రం పెద్ద వృత్తం మీద పోతాయి. కాబట్టి రెండూ ఒకే కోణం తిరగకూడదు. ఈ జీపులో ముందు వెనుక యాక్సిళ్ళ మధ్య సుమారు 2.03 మీటర్లు, ఎడమ కుడి చక్రాల మధ్య సుమారు 1.22 మీటర్లు. 5 మీటర్ల వ్యాసార్థంతో తిరిగితే లోపలి చక్రం 24.8 డిగ్రీలు, బయటిది 19.9 డిగ్రీలు తిరగాలి. ఈ అయిదు డిగ్రీల తేడా కొరకే స్టీరింగు చేతులు తిన్నగా కాక కొద్దిగా లోపలికి వాలి, వాటి రేఖలను పొడిగిస్తే వెనుక యాక్సిలు నడుమ కలిసేటట్లు ఉంటాయి. టై రాడ్డును ముందుకు తెస్తే ఆ చేతులు బయటికి వాలవలసి వస్తుంది, చక్రం అడ్డుపడుతుంది. అందుచేత మనవాడు దానిని యాక్సిలు వెనుకనే ఉంచాడు.

కమాన్ల దగ్గర నేను నేర్చుకొన్న పాఠం ఇంకొకటి ఉంది. పట్టీ మందం రెట్టింపు చేస్తే దాని బిరుసు రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుంది. మందం ఘనాన్ని బట్టి పోతుంది. అదే మందం గల పట్టీలు రెండు ఒకదాని మీద ఒకటి పేర్చితే బిరుసు రెండింతలే. బరువు మోసే లారీకి మందమైన పట్టీలు వేస్తారు. రాళ్ళ మీద నడిచే బండికి అవి పనికిరావు. చక్రం గోతిలోకి సాగాలి, నాలుగు కాళ్ళూ ఎప్పుడూ నేల తాకాలి. అందుకని అతడు సన్నని పట్టీలు ఎక్కువ పేర్చి కట్ట కట్టాడు. పట్టీల మధ్య రాపిడి కూడా ఊగుడును కొంత అణచుతుందట. కట్ట యాక్సిలు పైకి మారినందువల్ల ఒక కొత్త బాధ కూడా వచ్చింది. గేరు వేసి గట్టిగా లాగినప్పుడు యాక్సిలు తానే మెలితిరగబోయి పట్టీని ఎస్ అక్షరం లాగా వంచుతుంది. దానికి వెనుక యాక్సిలు నుండి చట్రానికి అడ్డుకడ్డీ ఒకటి వేయవలసి వచ్చింది. ఒక కొలత మార్చితే పది కొలతలు కదులుతాయని అతడే వాపోయాడు.

సైకిలు ముందు ఫోర్కు నిటారుగా కాక కొంచెం వాలుగా ఉండటం పిల్లలు చూసే ఉంటారు. చేతులు వదిలినా సైకిలు తిన్నగా పోవడానికి తోడ్పడేవాటిలో ఆ వాలు ఒకటి. బండికీ ఆ వాలు ఉండాలి. దానిని క్యాస్టరు కోణమంటారు. కమాను కూర్చొనే పీఠాన్ని యాక్సిలు మీద ఏ కోణంలో వెల్డు చేస్తే ఆ కోణమే చక్రానికి వస్తుంది. ఇంజను నుండి వచ్చే షాఫ్టు సుఖంగా ఉండాలని యాక్సిలు ముక్కు పైకెత్తితే చక్రం వాలు పోతుంది. వాలు నిలబెడితే షాఫ్టు కీళ్ళు మూలుగుతాయి. రెండింటికీ నడుమ రాజీ కుదర్చాలి. అతడు పీఠాలను మొదట చుక్కలు చుక్కలుగా మాత్రమే అంటించి, బండి పూర్తి బరువు చక్రాల మీద దించి, కోణం కొలిచి, అప్పుడు పూర్తి వెల్డింగు చేశాడు. అదీ ఒక్క బిగిన కాదు. గొట్టం వంకర పోకుండా అటు కొంచెం, ఇటు కొంచెం. తరువాత కట్టలో మెయిన్ పట్టీ ఒక్కటే ఉంచి మిగిలినవన్నీ తీసివేసి, జాకీతో యాక్సిలును అడుగు నుండి కొస వరకు లేపి దించి, ఏ కడ్డీ దేనికి తగులుతున్నదో చూశాడు. దీనికి రెండు ఆదివారాలు పట్టాయి.

ఇక నేను ఈ వేదిక ఎక్కడానికి అసలు కారణం చెబుతాను.

ఆ సాయంకాలం లెక్క ముగిసిన తరువాత కాగితం మూలలో పెన్సిలుతో వ్రాసిన ఒక ముక్క నా కంటపడింది. ‘స్టీరింగు చేయి - వేడి చేసి పైకి వంచాలి.’ డ్రాగ్ లింకును సమతలం చేయడానికి చక్రం దగ్గరి కొసను పైకి తేవాలి గదా. ఉన్న చేతినే ఎర్రగా కాల్చి వంచి, అవసరమైతే ముక్క అతికించి వెల్డు చేద్దామని అతని ఆలోచన. నేను మాట్లాడకుండా లోపలికి వెళ్ళి, మా నాన్నగారి పాత ఇనుప పెట్టెలో నుండి గుడ్డలో చుట్టిన ఒక వస్తువు తెచ్చి అతని ముందు పెట్టాను.

1987లో మా అన్నయ్య అంచెట్టి దారిలో జీపు నడిపేవాడు. రాగి బస్తాలు, చింతపండు, సంతకు పోయే మనుషులు. ఒకసారి బండి రాతికి తగిలి స్టీరింగు చేయి వంగి, చిన్న పగులు ఇచ్చింది. దారి ప్రక్కన ఒక షెడ్డులో దానిని కాల్చి, సమ్మెటతో సరిచేసి, నీళ్ళలో ముంచి చల్లార్చి, పగులు మీద వెల్డింగు పెట్టి ఇచ్చారు. రెండు వారాలు నడిచింది. తరువాత ఒక మలుపులో అది విరిగింది. స్టీరింగు చక్రం చేతిలో వట్టిగా తిరిగిందని అన్నయ్య ఇప్పటికీ చెబుతాడు. ఆనాడు సంతరోజు కాదు కనుక బండిలో వేరెవరూ లేరు. అన్నయ్య బ్రతికాడు, కుడికాలు మోకాలి క్రింద పోయింది. నేనప్పుడు ప్లస్ టూ చదువుతున్నాను.

విరిగిన ముఖం మీద రెండు రంగులుంటాయి. ఒక వైపు నల్లగా తుప్పు. రెండవ వైపు మెరిసే గరుకు. తుప్పు పట్టిన భాగం ఆనాడు విరిగినది కాదు. పగులు లోపల ముందే ఉండి, రోజూ కొంచెం పాకుతూ వచ్చింది. మెరిసే భాగం మాత్రమే ఆ మలుపులో తెగింది. ఇటువంటి చేతులు సాగగొట్టిన గట్టి ఉక్కుతో చేసినవి. వాటిని కాల్చి నీళ్ళలో చల్లార్చితే పెళుసెక్కుతాయి. వెల్డింగు గీత గట్టిగానే ఉండవచ్చు. దాని ప్రక్కన వేడి తగిలి త్వరగా చల్లారిన ఉక్కు గాజు లాంటిదవుతుంది. తేమ తగిలిన రాడ్డు వాడితే హైడ్రోజను చేరి పగుళ్ళు లోలోపల పుడతాయి.

మా అన్నయ్య కర్ర పట్టుకొని బయటికి వచ్చి ఆ కాగితం చూశాడు. “దీన్ని వంచొద్దప్పా. కొత్తది చేసుకో. ఆలస్యమైతే కానీ” అన్నాడు. అంతకంటె ఏమీ అనలేదు. పిల్లవాడు ఆ ముక్కను చాలాసేపు చేతిలో త్రిప్పి చూశాడు. “మేడం, ఇది మాకు క్లాసులో ఎందుకు చూపించలేదు?” అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. అది మా ఇంటి దుఃఖమని దాచుకొన్నాను; పాఠమని ఎన్నడూ తోచలేదు. ఎందరు పిల్లలు నా తరగతి నుండి నేరుగా షెడ్లకు వెళ్ళి ఉంటారో ఆ రాత్రి లెక్కపెట్టి నిద్రపోలేకపోయాను.

అతడు కొత్త చేతిని మందమైన ఉక్కు పలకలో నుండి కోసి మరపట్టించి, చక్రపు నకిల్ పైభాగాన స్టడ్లతో బిగించాడు. ఎక్కడా వెల్డింగు లేదు. కడ్డీ కొస కూర్చొనే రంధ్రం గరాటు లాగా వాలుగా ఉండాలి. ఆ వాలును రీమరుతో తీసి, నీలిరంగు పూసి, చుట్టూ సమంగా అంటుకొన్నదా అని చూసి, ఒక ప్రక్క అంటలేదని మొదటి చేతిని పారవేసి రెండవది చేశాడు. నట్లకు అడ్డుపిన్నులు వేశాడు. టై రాడ్డుకు 38 మిల్లీమీటర్ల వ్యాసం, 6 మిల్లీమీటర్ల మందం గల గొట్టం వాడాడు. వెల్డింగు అవసరమైన కమాను పీఠాలకు మాత్రం రాడ్లను ఓవెనులో ఆరబెట్టి వాడాడు.

యువకులకూ, వారి తల్లిదండ్రులకూ ఒక హెచ్చరిక. ఇటువంటి బండి రోడ్డు మీదికి తీసుకొని రారాదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట స్పష్టం చేసింది. అదే సంవత్సరపు సవరణతో జైలుశిక్ష, జరిమానా కూడా చేరాయి. మనవాడు తన బండిని వేరొక లారీ మీద ఎక్కించి, అనుమతి ఉన్న సొంత స్థలాలకు తీసుకుపోయి అక్కడే నడుపుతాడు. మొదటిసారి నడిపినప్పుడు నన్ను పిలిచాడు. నేను బండి ఎక్కలేదు. చీర కొంగు నడుముకు దోపుకొని గట్టు మీద నిలబడి చూశాను. గుంటలో దిగి లేచేటప్పుడు అతడు నాకు చూపించడానికి స్టీరింగు మీద నుండి ఒక చేయి తీశాడు. చక్రాలు తిన్నగానే ఉన్నాయి. రెండు చేతులూ పెట్టమని అరిచాను.

విజ్ఞానశాస్త్ర ప్రదర్శన గదిలో ఎడమవైపు బల్ల మీద మూడు వస్తువులు ఉంచాము: 1987 నాటి విరిగిన చేయి, రంధ్రం సరిగా రాలేదని అతడు పారవేసిన చేయి, త్రిభుజం గీసిన ఆ కాగితం. పిల్లలు తాకి చూడవచ్చు. విరిగిన దాని అంచు మాత్రం ఇంకా గీసుకొంటుంది, జాగ్రత్త. మా అన్నయ్య ఆ బల్ల దగ్గరే కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. సాయంత్రం అయిదు గంటల వరకు ఉంటాడు. అడిగినవారికి చెబుతాడు.